సేవా సంఘాల లెక్కలు: 1350 ఫస్లీ నుంచి 10బి ఫారం దాకా

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాత సేవా సంఘాల బీరువాలు తెరిస్తే, రిజిస్ట్రేషన్ పత్రం మీద '1350 ఫస్లీ చట్టం' అన్న మాట కనబడుతుంది. ఫస్లీ అంటే నిజాం పాలనలో వాడిన రెవెన్యూ సంవత్సర లెక్క; ఫస్లీ 1350 అంటే మన లెక్కలో 1940-41. బ్రిటిష్ ఇండియాలో సొసైటీలకు 1860 చట్టం ఉంటే, నిజాం సంస్థానానికి ఇది వేరుగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా తెలంగాణ ప్రాంతంలో ఇదే నడిచింది. 2001లో కొత్త సొసైటీల చట్టం వచ్చాకే రెండు ప్రాంతాలకూ ఒకే పద్ధతి కుదిరింది.

సిఏ (చార్టర్డ్ అకౌంటెంట్) చేత ఆడిట్ చేయించడం మాత్రం గట్టిగా పట్టుకున్నది పన్ను చట్టం వల్లే. 1961 ఆదాయపు పన్ను చట్టం ధర్మ సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. 1976 ఏప్రిల్ నుంచి ఆ మినహాయింపుకు ఆడిట్ షరతు తోడైంది. అప్పటి పరిమితి ఏడాదికి 25 వేల రూపాయల ఆదాయం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కూడా అదే ఏడాది, ఎమర్జెన్సీలో వచ్చింది.

ఇక్కడే చిన్న సంఘాలు దెబ్బతింటాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడలో ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం చందాలు పోగుచేసే సంఘం ఉందనుకుందాం. 'వచ్చిందంతా ఖర్చు పెట్టేశాం, మిగిలిందేం లేదు, ఇంక ఆడిట్ ఎందుకు?' అంటారు వాళ్లు. చట్టం మిగులును చూడదు. మినహాయింపు తీయకముందు వచ్చిన మొత్తం ఆదాయం పన్ను పడని పరిమితి దాటితే ఆడిట్ చేయించాల్సిందే. నిజాయితీగా పనిచేసినవాళ్లు కూడా నివేదిక గడువులోగా ఎక్కించక మినహాయింపు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, దానికీ కారణం ఉంది. వివరాలు అందిన దాదాపు 22 లక్షల స్వచ్ఛంద సంస్థల్లో వార్షిక లెక్కలు ఇస్తున్నవి 10 శాతమేనని 2015లో సీబీఐ సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత నిబంధనలు వరసగా బిగిశాయి. 2021 నుంచి ఆదాయపు పన్ను శాఖ దగ్గరి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలన్నారు. 2022లో ఖాతా పుస్తకాలు, ఓచర్లు పదేళ్లు దాచాలన్న నిబంధన వచ్చింది. 2023లో ఆడిట్ ఫారాలు మారాయి: ఆదాయం 5 కోట్లు దాటినా, విదేశీ విరాళం అందినా 10బి, మామూలు చిన్న సంఘాలకు 10బిబి.

2025 బడ్జెట్ చిన్న సంస్థల రెన్యూవల్ గడువును పదేళ్లకు పెంచింది. మంచిదే. అయితే రసీదు బుక్కు మీద వంద రూపాయలు రాయించుకున్న మనిషికి ఆడిట్ నివేదిక కనబడేది ఎక్కడ? అది చందా ఇచ్చిన ఊళ్లోనే, పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉండాలి.