బోర్డు ముందు నిలబెట్టి ఏం చూస్తున్నారు?

అనంతపురంలో ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే కాలేజీ వరండాల్లో ఒకటే మాట: "ఆప్టి (ఆప్టిట్యూడ్ పరీక్ష) అయిందా? టెక్నికల్‌లో ఏమడిగినారు?" మొన్న మా విద్యార్థిని ఒకమ్మాయి ఇంటర్వ్యూ గదిలోంచి వచ్చి చున్నీ కొసతో అరచేతులు తుడుచుకుంటోంది. బోర్డు మీద లింక్డ్ లిస్టును, అంటే గొలుసులా ఒకదానికొకటి తగిలించిన డేటా వరసను, తిరగేసే కోడ్ రాయమన్నారట, సగంలో చెయ్యి ఆగిపోయిందట. క్యాంటీన్లో కూర్చుని, రెజ్యూమే జిరాక్సు వెనకవైపు, టీ చల్లారేలోపే మొత్తం రాసేసింది. "ఇప్పుడెట్లా వచ్చింది సార్?" అని నన్నే అడిగింది.

ఉద్యోగానికి ముందు ఇలా పరీక్ష పెట్టి వడపోసే కథ 1955 నాటిది. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అన్నదే లేని రోజులవి. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ ఆ విభాగం తెరిచిందే 1962లో. ప్రోగ్రామింగ్ ఎవరికి అబ్బుతుందో తేల్చడానికి కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం ఒక పరీక్ష పెట్టింది: సంఖ్యల వరసలు, బొమ్మల పోలికలు, లెక్కలు. మన పిల్లలు రాసే ఆప్టిట్యూడ్ రౌండ్‌దీ అదే పోలిక. ఆ మార్కులకీ ఉద్యోగంలో పనితనానికీ పెద్దగా పొంతన లేదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా పద్ధతి పోలేదు. వందలమందిని ఒక్కపూటలో జల్లించాలంటే అంతకన్నా చవకైన దారి లేదు మరి.

తర్వాత పొడుపుకథల కాలం. మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుందని మైక్రోసాఫ్ట్ అడిగేది. ఇలాంటి ప్రశ్నలు వట్టి టైమ్ వేస్టని 2013లో గూగుల్ నియామకాల పెద్ద లాజ్లో బాక్ బాహాటంగానే చెప్పాడు. వాటి చోట బోర్డు మీద అల్గారిథమ్, అంటే సమస్యను తేల్చే మెట్ల వరస, రాయించడం స్థిరపడింది. 2015లో మ్యాక్స్ హోవెల్‌కు ఎదురైంది అదే. మ్యాక్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకోడానికి గూగుల్ ఇంజినీర్లే వాడే హోమ్‌బ్రూ రాసినవాడు, బైనరీ ట్రీని (రెండేసి కొమ్మలుగా చీలే డేటా అమరికను) తిప్పి రాయలేకపోయాడని గూగుల్ తనను వద్దందని ట్విట్టర్‌లో చెప్పుకున్నాడు. మంచివాళ్లు పదిమంది చేజారినా సరే, పనికిరానివాడు ఒక్కడు లోపలికి రాకూడదనేది పెద్ద కంపెనీల లెక్క. ఆ పదిమందిలో మన పిల్లలూ ఉంటారని నా బాధ.

ఆ అమ్మాయి అడిగినదానికి నాకు దొరికిన దగ్గరి జవాబు 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఒకే సమస్య ఇచ్చారు. కొందరు గదిలో ఒంటరిగా రాశారు, మిగతావాళ్లు పరీక్షకుడి ఎదుట, పైకి చెబుతూ రాశారు. ఎవరో చూస్తుండగా రాసినవాళ్ల ఫలితం సగానికి పైగా పడిపోయింది. ఎదుట రాసిన అమ్మాయిల్లో ఒక్కరూ గట్టెక్కలేదు, ఒంటరిగా రాసిన అమ్మాయిలంతా గట్టెక్కారు. చిన్న అధ్యయనమే, నిజం. కానీ చున్నీతో చేతులు తుడుచుకున్న పిల్లను చూశాక దాన్ని పక్కన పెట్టలేకపోయాను.

చెడిన కోడ్ ఇచ్చి ఒక గంట సరిచెయ్యమంటే పనితనం బయటపడుతుంది. దానికి కంపెనీ తరఫున ఒక ఇంజినీరు ఒక్కో అభ్యర్థితో ఓపిగ్గా కూర్చోవాలి. ఒక్కరోజు ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లో అది కుదరని పని.

శనివారం ల్యాబ్‌కు ఆ అమ్మాయే ముందొచ్చింది. మార్కర్ తీసుకుని, "సార్, మీరు నా వెనకాలే నిలబడండి, నేను రాస్తా" అంది.