డబ్లిన్ పిల్లలకు పాలక పునీతుల గురించి

ప్రియమైన చిన్నూకీ, పండుకీ, మీతో చదువుకునే తెలుగు పిల్లలందరికీ,

పునీత పాట్రిక్ నిజంగా పాముల్ని తరిమేశాడా అని మొన్న ఫోన్లో చిన్నూ అడిగిన ప్రశ్నకు తీరిగ్గా జవాబు రాస్తానన్నాను కదా. ఐర్లండ్‌ను కాపాడతారని జనం నమ్మే ముగ్గురు పాలక పునీతుల్లో (పేట్రన్ సెయింట్స్) ఆయన ఒకడు. ముగ్గురి గురించీ చెబుతాను. పునీత పాట్రిక్ ఐర్లండ్‌లో పాములన్నిటినీ సముద్రంలోకి తరిమేశాడన్నది నిజం కాదమ్మా. మంచుయుగం ముగిసి, మంచు కరిగి, ఆ దీవిని సముద్రం చుట్టుముట్టాక పాములు అక్కడికి చేరే దారే లేకపోయింది. ఆయన వచ్చేనాటికి తరమడానికి అక్కడ పాములు లేవు. మూడు రేకుల షామ్‌రాక్ ఆకు చూపించి త్రిత్వం గురించి, అంటే ఒకే దేవుడిలో ముగ్గురు వ్యక్తులున్నారని, బోధించాడన్న కథ కూడా రాతలోకి ఎక్కింది 18వ శతాబ్దంలోనే. అప్పటికి ఆయన కన్నుమూసి వెయ్యేళ్లు దాటిపోయింది.

ముచ్చటైన కథలే, చెప్పుకోండి. కానీ మార్చి 17న, ఆయన పండుగనాడు, ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, పరేడ్ చూసి, ఇంటికొచ్చేసే పిల్లలకు ఆయన స్వయంగా రాసుకున్న జీవితం ఎవరూ చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఆయన లాటిన్‌లో రాసిన రెండు రచనలు ఇప్పటికీ ఉన్నాయి. మొదటిది తన గురించి చెప్పుకున్నది. 'నేను పాట్రిక్‌ను, పాపిని, చదువు రాని పల్లెటూరివాణ్ణి' అన్నట్టుగా మొదలుపెడతాడు. ఆయన ఐర్లండ్‌లో పుట్టలేదు. రోమన్ల పాలనలో ఉండిన బ్రిటన్‌లో, కాస్త కలిగిన కుటుంబంలో పుట్టాడు. తండ్రి డీకను, అంటే చర్చిలో గురువుకు కింది సేవకుడు; తాత చర్చి గురువు. పిల్లవాడికి మాత్రం భక్తి పెద్దగా లేదు. సుమారు 16 ఏళ్ల వయసులో ఐర్లండ్ నుంచి వచ్చిన దోపిడీదారులు వేలమందితో పాటు అతన్నీ ఎత్తుకుపోయి బానిసగా అమ్మేశారు. చిన్నూ, నీకంటే నాలుగేళ్లే పెద్ద అప్పటికి.

ఆరేళ్లు మందలు కాశాడు. మంచులో, గడ్డకట్టే చలిలో, వానలో, తెల్లవారకముందే లేచి కొండల మీదా అడవిలోనూ ప్రార్థించేవాణ్ణని, పగలు నూరు జపాలు, రాత్రి ఇంచుమించు అన్నే చెప్పుకునేవాణ్ణని రాశాడు. ఒకరోజు కలలో 'నీ ఓడ సిద్ధంగా ఉంది' అని వినబడితే రెండు వందల మైళ్లు నడిచి ఓడ ఎక్కి ఇల్లు చేరాడు. అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పు పట్టరు. కానీ కొన్నేళ్లకు మళ్లీ కల వచ్చింది. ఐర్లండ్ జనమంతా ఒక్క గొంతుతో 'మళ్లీ వచ్చి మా మధ్య నడువు' అని పిలిచారట. తనను బానిసను చేసిన దేశానికే బిషప్‌గా తిరిగి వెళ్లాడు.

రెండో రచన ఒక ఉత్తరం. కొరోటికస్ అనే నాయకుడి సైనికులు పాట్రిక్ చేతుల మీదుగా కొత్తగా జ్ఞానస్నానం పొందినవాళ్ల మీద పడి, కొందరిని చంపి, మిగిలినవాళ్లను బానిసలుగా అమ్మడానికి పట్టుకుపోయారు. వాళ్ల నుదుటి మీద అభిషేక తైలం ఇంకా ఆరలేదు. ఆ కోపం, ఆ దుఃఖం ఉత్తరంలో ప్రతి వాక్యంలోనూ తెలుస్తుంది. బానిసతనం ఎలా ఉంటుందో తాను అనుభవించినవాడు రాసిన మాటలవి. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద అద్భుతం ఆయన ఏదీ చేయనక్కరలేదు.

ఐర్లండ్ పశ్చిమాన మేయో జిల్లాలో క్రో పాట్రిక్ అనే కొండ ఉంది, 764 మీటర్ల ఎత్తు. అక్కడే ఆయన 40 రోజులు ఉపవాసం ఉన్నాడని జనం నమ్మకం. జూలై ఆఖరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొందరు చెప్పుల్లేకుండా. పైభాగమంతా జారిపోయే రాళ్ల గుట్ట. పైన చిన్న గుడి ఉంది, 1905లో కట్టింది. గుడి చుట్టూ జపాలు చెబుతూ పదిహేనుసార్లు ప్రదక్షిణ చేస్తారు.

ఇక రెండో పాలక పునీతురాలు బ్రిజిద్. ఈమె సంగతి పండుకి ఇష్టమవుతుంది. ఆమె తల్లి ఒక బానిస అని పాత కథలు చెబుతాయి. తండ్రి ఒకనాడు ఆమెను లెన్‌స్టర్ రాజుకు అమ్మేద్దామని తీసుకెళ్లి, బేరం మాట్లాడటానికి లోపలికి పోయాడు. బయట కూర్చున్న బ్రిజిద్‌ను ఒక కుష్ఠురోగి ఏదైనా ఇమ్మని అడిగితే, తండ్రి వదిలివెళ్లిన ఖరీదైన కత్తి తీసి ఇచ్చేసింది. తండ్రి మండిపడ్డాడు. రాజు మాత్రం, దేవుడి ముందు ఈ అమ్మాయి విలువ మనకంటే ఎక్కువ, వదిలెయ్ అన్నాడట. తరువాత ఆమె కిల్డేర్‌లో మఠం స్థాపించింది. అక్కడి మఠకన్యలు ఆరకుండా కాపాడే మంట గురించి 12వ శతాబ్దం చివర్లో ఒక యాత్రికుడు రాశాడు. 19 మంది సిస్టర్లు రోజుకొకరు కాపలా ఉండేవారట. ఇరవయ్యో రాత్రి కట్టెలు పెట్టి, 'బ్రిజిద్, ఈ రాత్రి నీది' అని చెప్పి వెళ్లిపోయేవారట. తర్వాతి కాలంలో ఆరిపోయిన ఆ మంటను 1993లో మళ్లీ వెలిగించారు. 2023 నుంచి ఆమె పేరు మీద దేశమంతా సెలవు కూడా ఇస్తున్నారు.

ఆమె పండుగ ఫిబ్రవరి 1. అసలు సందడి ముందురోజు సాయంత్రమే. ఒక గుడ్డముక్క రాత్రంతా కిటికీ బయటో పొద మీదో ఉంచుతారు. బ్రిజిద్ ఆ దారిన పోతూ దాన్ని తాకుతుందని నమ్మకం. తలనొప్పికీ, ఆవు ఈనేటప్పుడూ ఆ గుడ్డే మందుగా ఏడాదంతా దాచుకునేవారు. శిలువ కూడా ఆ సాయంత్రమే అల్లుతారు. మట్టల ఆదివారం మనం ఈతాకుతో అల్లుకునేలాంటిదే, పద్ధతి మాత్రం వేరు. తడినేలల్లో పెరిగే తుంగలాంటి గడ్డిని కొడవలితో కోయకుండా చేత్తో పీకి తెస్తారు. ఒక పోచను నిలువుగా పట్టుకోవాలి. రెండోదాన్ని సగానికి మడిచి మొదటిదాని నడుముకు తగిలించి, కొసలు కుడివైపుకు లాగాలి. మడత మీద బొటనవేలు నొక్కిపెట్టి మొత్తాన్ని ఎడమకు పావు చుట్టు తిప్పితే రెండో పోచ ఇప్పుడు పైకి నిలబడుతుంది. మూడోదాన్ని దానికి తగిలించాలి, కొసలు మళ్లీ కుడివైపే. అలా తిప్పుతూ వేస్తూ పోతే నడుమ నలుచదరం పెరుగుతుంది. వేలు సడలిందంటే అంతా విడిపోతుంది, అందుకే చిన్న పిల్లలు ఇద్దరేసి కూర్చోవాలి. చివర నాలుగు కొసలూ దారంతో కట్టి గుమ్మం పైన పెడతారు, ఇల్లు అగ్గిపాలు కాకుండా కాపాడమని.

మూడో పాలక పునీతుడు కొలంకిల్. ఇంగ్లీషు పుస్తకాల్లో కొలంబా అని ఉంటుంది. 521లో డోనెగాల్‌లో రాజవంశంలో పుట్టాడు, 563లో స్కాట్లండ్ పక్కన అయోనా దీవికి వెళ్లి మఠం పెట్టాడు. గురువుగారి కీర్తనల పుస్తకాన్ని అడక్కుండా నకలు రాసుకున్నాడని, ఆ తగవు రాజు దాకా పోయిందని, 'ఆవుకు దూడ, పుస్తకానికి నకలు', అంటే నకలు కూడా పుస్తకం సొంతదారుదే అని రాజు తీర్పు చెప్పాడని కథ. ఆయన రాసిందే అని చెప్పుకునే ఆ నకలు డబ్లిన్‌లో రాయల్ ఐరిష్ అకాడమీ దగ్గర ఉంది. 597లో చనిపోయే రోజున పాలు మోసే తెల్ల గుర్రం వచ్చి ఆయన గుండె మీద తల ఆనించి ఏడ్చిందట. తరిమేయబోయిన సేవకుణ్ణి ఆయనే ఆపాడట.

ఈ ముగ్గురూ పెద్దపెద్ద గుళ్ల వల్లే ఇన్నాళ్లు నిలిచారని అనుకోకండి. ఐర్లండ్‌లో మూడు వేల దాకా పవిత్రమైన ఊటబావులున్నాయి. చాలావాటికి ఒక పునీతుడి పేరు, ఏడాదికొక రోజు ఉంటాయి. ఆ రోజు ఊరివాళ్లు చెప్పులు విడిచి, సూర్యుడు తిరిగే దిక్కునే బావి చుట్టూ తిరుగుతారు. లెక్క తప్పకుండా చేతిలో గులకరాళ్లు పట్టుకుని, చుట్టు పూర్తయినప్పుడల్లా ఒకటి పడేస్తారు. పరలోక జపం, మంగళవార్త జపం చెబుతారు, ఆ నీళ్లు కళ్లకు అద్దుకుంటారు, పక్కనున్న చెట్టుకు గుడ్డపీలిక కడతారు. 1704లో కాథలిక్కులను అణిచేసే చట్టం ఒకటి వచ్చింది. బావుల దగ్గర గుమికూడితే పది షిల్లింగుల జరిమానా, కట్టలేకపోతే కొరడా దెబ్బలు. కట్టలేనివాళ్లే ఎక్కువమంది. అయినా మానలేదు. భూమి పోయినా, చదువుకునే దారి మూసేసినా ఆ ప్రదక్షిణలు పిల్లలకు నేర్పారు. ఆ పేదవాళ్లంటే నాకు పునీతులంత గౌరవం.

వాళ్ల పిల్లలే తరువాత గురువులుగా, సిస్టర్లుగా దేశదేశాలకు వెళ్లారు. 19వ శతాబ్దంలో మన హైదరాబాద్ ప్రాంతానికి మొట్టమొదటి బిషప్‌గా వచ్చిన డేనియల్ మర్ఫీ కార్క్ వాడే. సికింద్రాబాద్‌లో పాట్రిక్ పేరుతో హైస్కూలు ఉండటంలో వింతేముంది చెప్పండి.

చిన్నూ, లాక్ డెర్గ్ సరస్సులో పాట్రిక్ పేరు మీద యాత్ర జరిగే దీవికి వెళ్తానన్నావు. అది మూడు రోజుల యాత్ర. చెప్పుల్లేకుండా నడవాలి, ఒక రాత్రంతా నిద్రపోకూడదు, రోజుకు ఒక్కసారే పాలు లేని టీ, వెన్న రాయని రొట్టె. 15 ఏళ్లు నిండనివాళ్లను తీసుకోరు, కాబట్టి ఇంకా మూడేళ్లు ఆగాలి. కిల్డేర్ మాత్రం మీకు దగ్గరే. ఒక ఆదివారం అక్కడి బ్రిజిద్ ఊటబావికి తీసుకెళ్లమని నాన్నను అడగండి. చెట్టుకు ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టొద్దు, అవి చివకవు, కొమ్మను బిగించేస్తాయి. అమ్మ పాత నూలు చీరలోంచి చిన్న పీలిక చింపుకుని వెళ్లండి. నీళ్లలో చిల్లర వేయకండి. పండు చెయ్యి వదలొద్దు, ఊట దగ్గర రాళ్లు జారతాయి.

మీ తాతయ్య