అయిదున్నర నిమిషాల పరుగు వెనుక ఒక సరళరేఖ

సైన్యంలో చేరాలన్న పట్టుదలతో రోజూ తెల్లవారకముందే మైదానానికి వెళ్లే ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి ఆధారం. నెలల తరబడి సాధన చేస్తున్నా 1600 మీటర్ల పరుగు 5 నిమిషాల 50 సెకన్ల దగ్గరే ఆగిపోయిందని, 'ఇంకా గట్టిగా పరుగెత్తు' అనే మాట తప్ప ఎవరూ కారణం చెప్పడం లేదని ఆయన రాశారు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా వేల మంది యువకులది ఇదే ప్రశ్న. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే 60 మార్కులు, 5 నిమిషాల 45 సెకన్లలోపు అయితే 48 మార్కులు వస్తాయి. పుల్-అప్స్‌కు ఇచ్చేది మొత్తం కలిపి 40 మార్కులే కనుక, పరుగులో పోయిన పన్నెండు మార్కులను మరో చోట రాబట్టుకోవడం కష్టం. ఎత్తు, ఛాతీ కొలతలు, ధ్రువపత్రాల సంగతి నోటిఫికేషన్లలోనే వివరంగా ఉంటుంది. ఇక్కడ ఆ 20 సెకన్ల గురించి మాత్రమే మాట్లాడుకుందాం. ఎందుకంటే శరీర ధర్మశాస్త్రంలో అతి సుందరమైన సూత్రాలలో ఒకటి సరిగ్గా అక్కడే ఉంది.

ఒకే మనిషి వేర్వేరు దూరాలను తన శక్తికొద్దీ పరుగెత్తినప్పుడు పట్టిన సమయాలను గ్రాఫు మీద గుర్తించి చూడండి. సుమారు రెండు నిమిషాల నుంచి పదిహేను నిమిషాల దాకా సాగే పరుగులన్నింటిలో దూరానికీ, సమయానికీ మధ్య సంబంధం దాదాపు ఒక సరళరేఖగా వస్తుంది. సరళరేఖకు ఉండేవి రెండే సంఖ్యలు: ఒకటి వాలు, రెండోది అది అక్షాన్ని ఖండించే చోటు. వాలును శాస్త్రజ్ఞులు క్రిటికల్ స్పీడ్ అంటారు. మనం నిలకడ వేగం అందాం. అక్షాన్ని ఖండించే చోటు మీటర్లలో వస్తుంది. దాన్ని నిల్వ దూరం అందాం. పరుగెత్తిన దూరం అంటే నిలకడ వేగాన్ని సమయంతో గుణించి, దానికి నిల్వ దూరాన్ని కలపగా వచ్చే మొత్తం. కండరాల పనిలో ఈ సంబంధాన్ని ఫ్రాన్స్‌కు చెందిన మోనో, షెరెర్ 1965లో సూత్రీకరించారు. అంతకు నలభై ఏళ్ల ముందే, 1925లో, బ్రిటిష్ శాస్త్రవేత్త ఎ.వి. హిల్ ప్రపంచ రికార్డులను గ్రాఫులుగా గీసి, దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గే తీరులో ఒక క్రమం ఉందని చూపించారు.

డాబా మీది నీళ్ల ట్యాంకును ఊహించుకుంటే ఈ రెండు సంఖ్యలూ స్పష్టమవుతాయి. మోటారు నిమిషానికి ఇన్ని లీటర్లని ఒకే ధారగా నీటిని ఎక్కిస్తూ ఉంటుంది. ఇంట్లో వాడకం ఆ ధార కంటే తక్కువగా ఉన్నంతసేపూ ట్యాంకు ఖాళీ కాదు. వాడకం ధారను మించితే, మించినంత మేరకే ట్యాంకులోని నీరు తగ్గుతుంది; ఎంత ఎక్కువ మించితే అంత త్వరగా అడుగంటుతుంది. ఊపిరితిత్తులు, గుండె, రక్తం, కండరాలు కలిసి ఆక్సిజన్ సాయంతో ఎడతెగకుండా అందించే శక్తి ఆ ధార; అదే నిలకడ వేగం. ఆక్సిజన్ కోసం వేచి ఉండకుండా కండరం అప్పటికప్పుడు వాడుకోగల శక్తి ట్యాంకులోని నీరు. అదే నిల్వ దూరం. వాడకాన్ని ధార కంటే తగ్గిస్తే ట్యాంకు మళ్లీ నిండడం మొదలవుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి; దాని అవసరం ముందు ముందు వస్తుంది.

ఆ నిల్వ ఏ పదార్థంతో తయారైందన్న ప్రశ్నకు వచ్చిన జవాబులో తెలుగువారికి ప్రత్యేకమైన స్థానం ఉంది. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని హిల్‌తో పంచుకున్న జర్మన్ శాస్త్రవేత్త మయర్‌హాఫ్ పరిశోధనల ఫలితంగా, గ్లైకోజెన్ (కండరం దాచుకునే పిండిపదార్థం) లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండర సంకోచానికి మూలమని అప్పట్లో అందరూ నమ్మారు. హిల్ స్వయంగా పరుగు వీరుడు. 1920లలో మాంచెస్టర్‌లో వీపున సంచీ కట్టుకుని, వదిలిన గాలిని అందులో పట్టుకుంటూ పచ్చిక మైదానం చుట్టూ పరుగెత్తి, తన ఆక్సిజన్ వినియోగాన్ని కొలుచుకున్నారు. అదే దశాబ్దంలో, భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివి హార్వర్డ్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతితో పనిచేస్తుండగానే 1927లో వారికి ఫాస్ఫోక్రియాటిన్, అంటే కండరం తక్షణ శక్తిని దాచుకునే పదార్థం, దొరికింది. ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా దాదాపు అదే సమయంలో ఆ పదార్థాన్ని విడిగా గుర్తించారు. 1929లో సుబ్బారావు, ఫిస్కే కండరం నేరుగా వాడుకునే శక్తి పదార్థమైన ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. మరుసటి ఏడాది లుండ్స్‌గార్డ్ అనే డేనిష్ శాస్త్రజ్ఞుడు, లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా విషంతో అడ్డుకున్నా కండరం కొంతసేపు సంకోచిస్తూనే ఉంటుందని, ఆ కొంతసేపట్లో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందని నిరూపించారు. పాత సిద్ధాంతం కూలిపోయింది. ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టిన వారిలో ఒకరైన హిల్, 1932లో దీన్ని కండర శాస్త్రంలో విప్లవంగా వర్ణించడం వైజ్ఞానిక నిజాయితీకి గొప్ప ఉదాహరణ. తెలుగు పల్లెల నుంచి ర్యాలీకి వెళ్లే ప్రతి యువకుడూ గీత దాటిన తొలి కొన్ని సెకన్లు పరుగెత్తేది ప్రధానంగా సుబ్బారావు కనుగొన్న పదార్థం మీదే.

నిల్వలో రెండో భాగం, గ్లైకోజెన్ ఆక్సిజన్ లేకుండానే విడిపోయి లాక్టేట్‌గా (లాక్టిక్ ఆమ్లం శరీరంలో ఉండే రూపం) మారేటప్పుడు వచ్చే శక్తి. ఇక్కడ ఒక దురభిప్రాయాన్ని తొలగించాలి. 'కాళ్లలో యాసిడ్ చేరింది, మర్నాడు నొప్పులు అందుకే' అనే మాట మైదానాలలోనూ, కొన్ని తరగతి గదులలోనూ నేటికీ వినిపిస్తోంది. పరుగు ఆగిన గంట, గంటన్నరలోనే రక్తంలోని లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పి కండరపు పోగులలో కలిగిన సూక్ష్మమైన గాయాల వల్ల వచ్చేది. లాక్టేట్ వ్యర్థం కూడా కాదు. ఒక కండరంలో పుట్టిన లాక్టేట్‌ను గుండె, ఇతర కండరాలు ఆక్సిజన్‌తో కలిపి శక్తిగా వాడుకుంటాయని జార్జ్ బ్రూక్స్ 1980లలో చూపించారు. చివరి చుట్టులో కాళ్లు బరువెక్కడానికి కారణం ఫాస్ఫోక్రియాటిన్ విరిగినప్పుడు మిగిలే ఫాస్ఫేట్, హైడ్రోజన్ అయాన్లు, పొటాషియం కండర పోగుల దగ్గర ఒకేసారి పోగుపడి వాటి బిగువును తగ్గించడమే.

ఇక మన పాఠకుడి లెక్కకు వద్దాం. ఆయన 1200 మీటర్లను శక్తికొద్దీ 4 నిమిషాల 10 సెకన్లలో, మరో రోజు 2400 మీటర్లను 9 నిమిషాల 10 సెకన్లలో పరుగెత్తారనుకుందాం. దూరాల తేడా 1200 మీటర్లు, సమయాల తేడా 300 సెకన్లు. కాబట్టి నిలకడ వేగం సెకనుకు 4 మీటర్లు. 250 సెకన్లను 4తో గుణిస్తే 1000 మీటర్లు. పరుగెత్తింది 1200 కనుక నిల్వ దూరం 200 మీటర్లు. అలాంటి మనిషికి 1600 మీటర్లు ఎంతసేపట్లో పూర్తవుతుంది? అందులో 200 మీటర్లు నిల్వ నుంచి వస్తాయి. మిగిలిన 1400 మీటర్లను సెకనుకు 4 మీటర్ల చొప్పున పరుగెత్తడానికి 350 సెకన్లు, అంటే 5 నిమిషాల 50 సెకన్లు. ఆయన ఎక్కడ ఆగిపోయారో సరిగ్గా అక్కడే. వాలు, ఖండన బిందువు అంటే ఏమిటో ఉన్నత పాఠశాల పిల్లలకు నల్లబల్ల మీద గీతలతో చెప్పే బదులు, ఒక స్టాప్‌వాచ్ ఇచ్చి మైదానంలోకి తీసుకెళ్తే, ఆ రెండు మాటలూ వారికి జీవితాంతం గుర్తుండిపోతాయి.

నిల్వ దూరాన్ని 200 నుంచి 250 మీటర్లకు పెంచితే, అంటే పావు వంతు పెంచితే, సమయం సుమారు 337 సెకన్లకు తగ్గుతుంది. పన్నెండు సెకన్ల లాభం. దానికి బదులు నిలకడ వేగాన్ని సెకనుకు 4 నుంచి 4.25 మీటర్లకు, అంటే ఆరు శాతం మాత్రమే పెంచితే, సమయం 329 సెకన్లకు దిగుతుంది; పాఠకుడు 5 నిమిషాల 30 సెకన్ల గీతను దాటేస్తారు. చిన్న మార్పుతో పెద్ద ఫలితం ఇచ్చేది నిలకడ వేగమే. రోజూ 1600 మీటర్లను ప్రాణం పెట్టి పరుగెత్తి, టైము చూసుకుని ఇంటికి వెళ్లే సాధన ఎందుకు ముందుకు సాగదో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ సాధనలో ప్రతిరోజూ ట్యాంకు పూర్తిగా ఖాళీ అవుతుంది కానీ ధార పెరగడానికి కావలసినంత పరుగు కాళ్లకు అందదు.

ధారను పెంచేది కండర కణాలలో ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా, వాటి చుట్టూ అల్లుకునే సన్నని రక్తకేశనాళికలు, ఒక్కో స్పందనకు గుండె నెట్టగల రక్తం. 1967లో జాన్ హాలోజీ ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించి, వాటి కాలి కండరాలలో మైటోకాండ్రియాకు చెందిన శ్వాస ఎంజైముల సామర్థ్యం దాదాపు రెట్టింపైనట్లు కనుగొన్నారు. మనుషులలోనూ ఈ మార్పు వారాల మీద జరుగుతుంది. పక్కవారితో మాట్లాడగలిగినంత తేలిక వేగంతో, పైన చెప్పిన మనిషికైతే కిలోమీటరుకు ఆరు నిమిషాల చొప్పున, వారంలో ఎక్కువ రోజులు పరుగెత్తడం దీనికి పునాది. నెమ్మదిగా పరుగెత్తితే నెమ్మదితనమే అలవాటవుతుందన్న భయం మైదానాలలో బలంగా ఉంది. హాలోజీ ఎలుకలు ఆ భయానికి చాలినంత సమాధానం. వారానికి ఒక రోజు కిలోమీటరుకు 4 నిమిషాల 25 సెకన్ల చొప్పున, అంటే నిలకడ వేగానికి కొంచెం దిగువన, 20 నిమిషాలు ఆగకుండా పరుగెత్తాలి. మరొక రోజు 400 మీటర్లను 84 సెకన్లలో పరుగెత్తి రెండు మూడు నిమిషాలు నడుస్తూ, దాన్ని అయిదారుసార్లు చేయాలి. ఈ విరామాల లెక్క నాకు ఎంతో ఇష్టమైనది. 84 సెకన్లలో ధార ఇచ్చేది 336 మీటర్లు. మిగిలిన 64 మీటర్లు నిల్వ నుంచి తీసినవి. విరామం లేకపోతే మూడో చుట్టుకే 192 మీటర్లు ఖర్చై ట్యాంకు అడుగంటుతుంది. నడిచే సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ చాలావరకు మళ్లీ తయారవుతుంది కనుకే, ఒకే ఉదయం పందెపు వేగంతో 2400 మీటర్లు పరుగెత్తడం సాధ్యమవుతోంది. వారం వారం దూరాన్ని కొద్దికొద్దిగానే పెంచాలి. గుండె, కండరాల కంటే ఎముక నెమ్మదిగా బలపడుతుంది. పిక్క ముందు ఎముకలో ఒకే చోట నొప్పి నిలిచిపోతే పరుగు ఆపి వైద్యుడికి చూపించడం తప్పనిసరి.

పోటీ రోజున ఈ ధారను, నిల్వను ఎలా వాడాలన్నది మరో ఆసక్తికరమైన సమస్య. 5 నిమిషాల 30 సెకన్లు అంటే 400 మీటర్ల చుట్టుకు 82.5 సెకన్లు. నిలకడ వేగం 4.25కు చేరిన మనిషి ఆ వేగంతో పరుగెత్తితే ఒక్కో చుట్టుకు నిల్వలో 49 మీటర్లు ఖర్చవుతాయి. నాలుగు చుట్టులకూ 200 మీటర్ల నిల్వ సరిగ్గా సరిపోతుంది. అదే మనిషి గుంపుతో కలిసి మొదటి చుట్టును 70 సెకన్లలో ముగిస్తే, ఒక్క చుట్టులోనే 102 మీటర్లు, అంటే సగానికి పైగా నిల్వ ఖర్చైపోతుంది. సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే ఇందులో నష్టం కనిపించదు. నిల్వ అయిపోయాక నిలకడ వేగంతో పరుగు కొనసాగిస్తే అదే సమయం వస్తుంది. శరీరం మాత్రం అలా నడుచుకోదు. ఫాస్ఫేట్, హైడ్రోజన్ అయాన్లు పోగుపడిన కండరం నిలకడ వేగాన్ని కూడా నిలబెట్టలేక అంతకంటే దిగువకు పడిపోతుంది. అక్కడ పోయిన సెకన్లు తిరిగి రావు.

అయితే వెనుక ఉండిపోవడం కూడా నష్టమే, ఎందుకంటే అప్పుడు గుంపును బయటి వైపు నుంచి దాటాల్సి వస్తుంది; దీనికి కారణం జ్యామితిలో ఉంది. లోపలి వరుసకు 1.22 మీటర్లు బయటగా ఒక చుట్టు తిరిగితే వృత్త పరిధి 7.7 మీటర్లు పెరుగుతుంది. నాలుగు చుట్టులూ అలాగే తిరిగితే దాదాపు 31 మీటర్లు, అంటే ఆరు సెకన్లకు పైగా అదనం. అందుచేత గీత దాటాక మొదటి ఎనిమిది, పది సెకన్లు కొంచెం చురుకుగా పరుగెత్తి లోపలి అంచుకు చేరుకోవడం, వెంటనే అనుకున్న వేగానికి దిగడం, ఎవరినైనా దాటాలంటే వంపులో కాక నేరుగా ఉన్న భాగంలోనే దాటడం మంచిది.

పరుగు మొదలైన క్షణానే ఆక్సిజన్ ధార పూర్తి స్థాయికి చేరదు. శిక్షణ లేనివారిలో అది ఎగబాకే కాలస్థిరాంకం (పెరగాల్సిన దానిలో సుమారు మూడింట రెండు వంతులు పెరగడానికి పట్టే సమయం) 30 సెకన్లకు పైన ఉండవచ్చు; బాగా తర్ఫీదు పొందినవారిలో 20 సెకన్ల లోపు ఉంటుంది. ధార ఎదిగే లోపు లోటును నిల్వే భరిస్తుంది. రాత్రి నుంచే వరుసలో కూర్చుని, చల్లబడిన కాళ్లతో గీత దగ్గరికి వచ్చినవారు ఇక్కడే నష్టపోతారు. పిలుపు రావడానికి పావుగంట ముందు పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి, చివర్లో మూడు నాలుగు సార్లు 60, 80 మీటర్లు పందెపు వేగంతో పరుగెత్తితే, కండరం ఆక్సిజన్‌ను తీసుకునే తీరు ముందే చురుకవుతుంది. అప్పటికి ఖర్చైన కొద్దిపాటి నిల్వ పిలుపు వచ్చేలోగా నిండిపోతుంది. దీనికి బదులు గీత దగ్గర గ్లూకోజు పొడి మింగితే బలం వస్తుందని చాలామంది నమ్ముతారు. 60 కిలోల మనిషి 1600 మీటర్లు పరుగెత్తడానికి ఖర్చయ్యేది సుమారు 100 కిలోకేలరీలు, అంటే 25 గ్రాముల పిండిపదార్థం. ఆయన కండరాలలో అప్పటికే మూడు వందల గ్రాములకు పైగా గ్లైకోజెన్ నిలువ ఉంటుంది. ఆ పొడి రక్తంలోకి చేరేలోపే పరుగు ముగిసిపోతుంది.

సాధన అంతా సవ్యంగా ఉన్నా నిలకడ వేగం నెలల తరబడి కదలని వారు ముందుగా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. హీమోగ్లోబిన్ డెసిలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 15 గ్రాములున్న వారి రక్తం డెసిలీటరుకు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తే, 11 గ్రాములున్న వారి రక్తం 15 మిల్లీలీటర్లలోపే మోస్తుంది. ఆ లోటును ఏ విరామ పరుగూ పూడ్చలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల పురుషులలో నాలుగో వంతు మందికి, స్త్రీలలో సగానికి పైగా మందికి రక్తహీనత ఉంది. మైదానంలో బద్ధకస్తులని మాటలు పడేవారిలో ఎందరో నిజానికి ఇనుము లోపించినవారు. హీమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరుకుతుంది. లోపం కనబడితే వైద్యుడి సలహాతో ఐరన్ మాత్రలు మొదలుపెట్టి, కొన్ని వారాల తరువాత 1200, 2400 మీటర్ల పరుగులను మళ్లీ కొలిచి, వాలు మారిందో లేదో గ్రాఫు మీద చూసుకోవచ్చు.