తోడి గాంధారాన్ని సరిదిద్దకండి: రికార్డింగ్ గది నుంచి అపోహలు – వాస్తవాలు

ఇరవై ఏళ్ళకు పైగా హైదరాబాదులో ఒక చిన్న స్టూడియోలో పాటలు మిక్స్ చేస్తున్నాను. సినిమా పాటలు కొన్ని, భక్తి గీతాలు చాలా, కచేరీ రికార్డింగులు ఇంకా ఎక్కువ. నా పని ఏమిటో తెలియగానే జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. ఎల్పీ రికార్డు మంచిదా, ఫైలు మంచిదా? 24 బిట్ కొనాలా? ఏ వైరు వాడాలి? ఆ గాయని గమకం (స్వరాన్ని ఊపుతూ పలికే తీరు) ఎందుకు చదునైపోయిందని అడిగినవాళ్ళను, ఆ పాట రాసినవాళ్ళకు డబ్బు అందుతోందా అని అడిగినవాళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సంగీతానికి నష్టం జరుగుతున్న చోటు ఒకటి, మనం వాదించుకుంటున్న చోటు ఇంకొకటి. ఈ మాట సూటిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: డిజిటల్ శబ్దం మెట్లు మెట్లుగా ఉంటుంది, అనలాగ్ శబ్దం నున్నగా ఉంటుంది

నున్నటి అల, దాని మీద మెట్లలా పేర్చిన కడ్డీలు: ఈ బొమ్మ అందరూ చూసిందే. ఆ బొమ్మే తప్పు. సీడీ కోసం శబ్దతరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఆ కొలతలు బిందువులు, మెట్లు కావు. బడిలో చదివిన రేఖాగణితం గుర్తు తెచ్చుకోండి. ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువులు ఇస్తే, వాటి గుండా పోయే వృత్తం ఒక్కటే. అది వృత్తమని ముందే తెలుసు కనుక మిగతా చుట్టంతా మనం గీసేయగలం. డిజిటల్ శబ్దానికీ అలాంటి షరతు ఒకటి ఉంది. కొలిచే వేగంలో సగానికి చేరే పౌనఃపున్యమేదీ అందులో ఉండకూడదు. ఆ షరతు పాటిస్తే ఆ బిందువుల గుండా పోగల అల ఒక్కటే ఉంటుంది. మీ ఫోనులోని ఫిల్టరు గీసేది ఆ అలనే. దీని బీజం హ్యారీ నైక్విస్ట్ 1928లో టెలిగ్రాఫ్ ప్రసారం గురించి రాసిన పత్రంలో ఉంది. 1949లో క్లాడ్ షానన్ దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టాడు.

మనిషి చెవికి పైహద్దు సుమారు 20,000 హెర్ట్‌జ్. వయసు మీదపడే కొద్దీ అది తగ్గుతూ వస్తుంది. 44,100లో సగం 22,050 కాబట్టి చెవికి అందేదంతా అందులో పడుతుంది. అంకె వింతగా ఉండటానికి కారణం కూడా చెప్పాలి. సీడీ 1982లో బజారుకు రాకముందు డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద భద్రపరిచేవారు. టీవీ చిత్రంలోని గీతల లెక్కకు సరిగ్గా సరిపోయిన అంకె అది.

అపోహ: 24 బిట్, 192 కిలోహెర్ట్‌జ్ ఫైలు వింటే తేడా ఎవరికైనా తెలుస్తుంది

బిట్‌ల లెక్క ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో చెబుతుంది, కిలోహెర్ట్‌జ్ లెక్క సెకనుకు ఎన్ని వేల కొలతలో చెబుతుంది. సీడీలో అవి 16, 44.1. దీని మీద శాస్త్రంలో నిజమైన వాదమే నడిచింది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు పరిశోధకులు హై రిజల్యూషన్ రికార్డింగును నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రీస్ ఇలాంటి 18 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టాడు. సరైన జవాబులు 52 శాతం దాకా వచ్చాయి, శిక్షణ పొందిన శ్రోతల్లో అంతకంటే స్పష్టంగా ఎక్కువ. రెంటినీ నేను గౌరవిస్తాను. తేడా ఉంటే ఉండవచ్చు, కానీ అది గోరంత. స్పీకరును గోడకు ఒక అడుగు ఇవతలికి జరిపితే వచ్చే మార్పు ముందు అది నిలబడదు.

రికార్డింగు వేళ మాత్రం 24 బిట్ నాకు తప్పనిసరి. 16 బిట్‌లో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్‌ల చోటు ఉంటుంది. వినడానికి అది ధారాళంగా సరిపోతుంది. కానీ కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు ఏ క్షణంలో ఎంత బలంగా కొడతారో ఎవరు చెప్పగలరు? స్థాయిని కాస్త తగ్గించి పెట్టుకోవడానికి ఆ అదనపు చోటు కావాలి.

పెద్ద అంకెలున్న పెట్టెలు మన చెవులకు బాగా వినిపించడానికి రెండు కారణాలు. మొదటిది, ధర కళ్ళకు కనిపిస్తుంది. రెండోది, ఒకే పాటను అర డెసిబెల్ పెద్దగా వినిపిస్తే పెద్దదైందని అనిపించదు, మెరుగైందని అనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు చాలా డబ్బు పెట్టి, అంకెలను తిరిగి శబ్దంగా మార్చే ఒక కన్వర్టర్ కొన్నాను. గాయకుల గొంతు విచ్చుకుందని నెలరోజులు నమ్మాను. తర్వాత మా సహాయకుడు పాతదీ కొత్తదీ రెండింటి స్థాయీ మీటరుతో సమానం చేసి, ఏది మోగుతోందో నాకు చెప్పకుండా పదహారుసార్లు మార్చి మార్చి వినిపించాడు. ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పాను, ఎనిమిదిసార్లు తప్పాను. కొత్తది 0.7 డెసిబెల్ పెద్దగా మోగుతోంది, అంతే. ఆ రోజు నుంచి స్థాయి సరిచూడకుండా, పేరు మూయకుండా చేసిన ఏ పోలికనూ నేను లెక్కలోకి తీసుకోను. ఇంట్లో మీరూ చేయవచ్చు. పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

వైర్ల సంగతి ఒక్క వాక్యంలో: స్పీకరు వైరు తగినంత మందంగా, కనెక్షను బిగువుగా ఉంటే మిగతాది ఊహ. ఎంపీ3 సంగతీ అంతే. ఒక్కసారి సరిగ్గా చేసిన 320 కిలోబిట్ ఫైలును అసలుతో పోల్చి పట్టుకోవడం చాలా కష్టం. చెవిని గాయపరిచేది, వాట్సాప్‌లో వీడియోగా చేతులు మారుతూ మళ్ళీ మళ్ళీ కుదించుకుపోయిన ఫైలు.

అపోహ: ఎల్పీ రికార్డులో సంగీతం యథాతథంగా ఉంటుంది

ఎల్పీ అంటే నాకూ ప్రేమే. కానీ గాడి అన్నిటినీ మోయలేదు. మంద్ర శబ్దాలు యథాతథంగా చెక్కితే గాళ్ళు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. అందుకే అమెరికా రికార్డింగు కంపెనీల సంఘం పేరుతో 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ పద్ధతి ప్రకారం చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గిస్తారు, తారాన్ని పెంచుతారు. వినేటప్పుడు ప్రీ ఆంప్లిఫయరు దాన్ని తిరగేస్తుంది. సూది మధ్యకు చేరే కొద్దీ అదే సెకనుకు దక్కే గాడి పొడవు తగ్గుతుంది కనుక ప్రతి వైపూ చివరి పాటలో స్పష్టత తగ్గుతుంది. పైగా 2022లో, పూర్తిగా అనలాగ్ అని శ్రోతలు నమ్మి ఎంతో ధర పెట్టి కొన్న, మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ రికార్డుల్లో చాలావాటి తయారీలో డిజిటల్ దశ ఉందని బయటపడింది. అంతవరకూ వాటిని తలకెత్తుకున్న చెవులు ఆ దశను పట్టలేదు. నాకు ఇది చాలా విలువైన సాక్ష్యం.

అయినా అమెరికాలో 2022లో ఎల్పీలు సుమారు 4.1 కోట్లు, సీడీలు 3.3 కోట్లు అమ్ముడుపోయాయి. 1987 తర్వాత సంఖ్యలో ఎల్పీ ముందుకు రావడం అదే మొదటిసారి. అట్ట చేతిలో పట్టుకుని ఇరవై నిమిషాలు కదలకుండా వినే అలవాటు మళ్ళీ వస్తే మంచిదే. ఒక్కోసారి ఎల్పీ నిజంగానే బాగుంటుంది కూడా. ఆ మేలు ప్లాస్టిక్‌ది కాదు, అదే పాట డిజిటల్ మాస్టరును (విడుదలకు సిద్ధం చేసిన చివరి ప్రతిని) గొంతు నులిమేలా పెద్దది చేసి ఉండటం వల్ల.

అపోహ: పాట ఎంత పెద్దగా ఉంటే అంత హిట్టు

ఇది మా వృత్తిలోని జబ్బు. శబ్దస్థాయిని పెంచాలంటే శిఖరాలను కోయాలి. డప్పు మీద సిర్ర పడిన క్షణంలో ఉండే ఆ పదునే శిఖరం. దాన్ని కోస్తే డప్పు అట్టపెట్టెలా మోగుతుంది. ఇంత చేసినా ఫలితం దక్కదు. మనిషి చెవికి ఎంత పెద్దగా అనిపిస్తుందో కొలిచే అంతర్జాతీయ ప్రమాణం 2006లోనే వచ్చింది. స్పాటిఫై, యూట్యూబు పెద్దగా ఉన్న పాటను ఆ కొలమానంలో సుమారు మైనస్ 14 అనే స్థాయికి దించేస్తాయి. కోసిన శిఖరాలు మాత్రం తిరిగి రావు. పక్క పాటకంటే చిన్నగా వినిపిస్తోందని నిర్మాతలు ఇప్పటికీ ఫోన్లు చేస్తారు. రెండు ఫైళ్ళు పంపి, యూట్యూబులోనే పెట్టి వినమంటాను. చాలామంది ఒప్పుకుంటారు.

అపోహ: 432 హెర్ట్‌జ్ ప్రకృతి శ్రుతి, 440 మనసును చెడగొడుతుంది

ఈ అంకెలు పాశ్చాత్య వాద్యాలను శ్రుతి చేసుకునే 'ఎ' అనే స్వరం పౌనఃపున్యాలు. శ్రుతి ప్రమాణాలు పరిపాలనా నిర్ణయాలు. ఫ్రాన్సు 1859లో 435 అంది. 1939లో లండన్ సమావేశం 440కి ఒప్పుకుంది. ఇక మన సంగీతానికి ఈ గొడవే లేదు. ఒకటో శ్రుతిలో పాడేవారు ఒకరు, ఐదున్నరలో పాడేవారు ఇంకొకరు. జలుబు చేస్తే అర శ్రుతి దించుకుంటారు. 432కూ 440కీ మధ్య తేడా అర శ్రుతిలో మూడో వంతు కూడా ఉండదు. తంబురాను గొంతుకు తగ్గట్టు శ్రుతి చేసే సంప్రదాయంలో పుట్టినవాళ్ళం ఈ వాట్సాప్ సందేశాలను ఎందుకు నమ్ముతున్నామో నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అపోహ: ఆటోట్యూన్ పాడటం రానివాళ్ళ కోసమే, మంచి గాయకులకు దానితో పని లేదు

ఈ ఒక్క విషయం మీద మనం గట్టిగా వాదించుకోవాలి. ఆండీ హిల్డెబ్రాండ్ చమురు అన్వేషణ కోసం భూగర్భ తరంగాలను విశ్లేషించిన ఇంజినీరు. ఆ గణితాన్నే గొంతు శ్రుతి పట్టడానికి వాడి 1997లో ఆటోట్యూన్ విడుదల చేశాడు. గొంతులోని శ్రుతిని కనిపెట్టడం, దగ్గరలోని స్వరస్థానానికి లాగడం దాని పని. పియానో మెట్ల మీద నిలబడే సంగీతానికి అది పెద్ద హాని చేయదు. తోడి రాగంలో గాంధారం ఎక్కడ నిలబడుతుంది చెప్పండి? అటు రిషభం వైపు దిగుతుంది, ఇటు మధ్యమం వైపు ఎగస్తుంది, ఆ ఊగడమే గాంధారం. సాఫ్ట్‌వేరుకు అది తప్పుగా కనిపిస్తుంది. ఊపును మెట్లుగా విరుస్తుంది, లేదా నడిమికి లాగి నిలబెడుతుంది. అప్పుడు తోడి పోయి ఏదో మిగులుతుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక భక్తి ఆల్బమ్ నా దగ్గరకు వచ్చింది. గాయని అసలు సిసలైన శిష్యపరంపరలో నేర్చుకున్న మనిషి. ఫైళ్ళు అంతకుముందే ఇంకొక చోట "సరిచేసి" పంపారు. గమకాలన్నీ ఇస్త్రీ చేసిన బట్టల్లా ఉన్నాయి. ముడి రికార్డింగు అడిగి తెప్పించాను. శ్రుతి తప్పిన చోట్లు రెండే ఉన్నాయి, అవీ చేత్తో సరిచేయగలిగినవే. నేను ఆ పరికరాలు వాడను అని చెప్పడం లేదు. పల్లవిలో జారిన ఒక్క షడ్జాన్ని లేపడానికి వాడతాను. గొంతు మొత్తానికి తగిలించి వదిలేయడమే నేరం. ఇప్పుడు పదేళ్ళ పిల్లలు అలా తగిలించిన పాటలనే విని నేర్చుకుంటున్నారు. వాళ్ళు నేరుగా స్వరం మీద వాలి, ఊగకుండా ఆగిపోవడం స్టూడియోలో నేను వింటున్నాను.

అపోహ: ముప్ఫై సెకన్ల లోపు వాడుకుంటే హక్కుల సమస్య రాదు

మన కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. పెళ్ళి ఊరేగింపులో పాట మోగించడానికి మినహాయింపు ఉంది. రీల్స్‌కు లేదు.

అపోహ: పాటకు లక్ష ప్లేలు వస్తే రాసినవాళ్ళకు దానికి తగ్గ డబ్బు వస్తుంది

స్పాటిఫై లాంటి చాలా యాప్‌లలో ఒక్కో ప్లేకు ఇంత అనే ధర ఉండదు. చందాలూ ప్రకటనల డబ్బూ ఒక రాశిగా పోసి, మొత్తం ప్లేలలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. మీరు నెలంతా ఒకే గాయని అన్నమయ్య కీర్తనలు విన్నా మీ చందా నేరుగా ఆమెకు వెళ్ళదు. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి కనీసం 1,000 ప్లేలు లేని రికార్డింగుకు అసలు వాటా లేదు.

1977లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత సినిమా పాట మీద నిర్మాతదే పైచేయి అయింది. 2012 సవరణ ఆ దారి మార్చింది. గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. రాసిచ్చినా చెల్లదు. థియేటరులో సినిమాతో కలిసి వినిపించడం ఒక్కటే దీనికి బయట. డబ్బు వసూలు చేసే సంఘం ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ). తెలంగాణ పల్లెల నుంచి యూట్యూబులోకి వస్తున్న జానపద గీతాలు ఎందరి నోళ్ళలోనో ఉన్నాయి. వాటిని రాసినవాళ్ళలో నాకు తెలిసిన చాలామందికి ఆ సంఘం పేరు తెలియదు. ఒక మిత్రుడు తన పాటకు మొత్తంగా కొన్ని వేలు తీసుకుని, అంతా రాసిచ్చేశాననుకుని పదేళ్ళు మౌనంగా ఉన్నాడు. సభ్యుడై పాటలు నమోదు చేయించుకున్నాక ఇప్పుడు వాటా అందుతోంది.

అపోహ: గొంతుకు కాపీరైట్ లేదు కాబట్టి ఎవరి గొంతునైనా యంత్రంతో పాడించవచ్చు

2024లో ఎ.ఆర్. రెహమాన్ ఒక తమిళ పాటకు దివంగతులైన ఇద్దరు గాయకుల గొంతులను కృత్రిమ మేధతో తెచ్చినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. ఆ నెలల్లోనే, ఒక తెలుగు సినిమాలో బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును అనుమతి లేకుండా వాడారని ఆయన కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. అదే ఏడాది జూలైలో బొంబాయి హైకోర్టు అర్జిత్ సింగ్ గొంతును అనుకరించే సాధనాలను అడ్డుకుంటూ ఉత్తర్వు ఇచ్చింది. గొంతు ఆ మనిషి వ్యక్తిత్వంలో భాగమన్నదే దాని సారం.

మా స్టూడియోకు వచ్చే కొత్త గాయకులు, రచయితలు ఈ మధ్య ఒప్పందాలు నాకు చూపిస్తున్నారు. నేను లాయరును కాను, అయినా మూడు చోట్ల వేలు పెట్టి చూపిస్తాను. హక్కుల బదిలీ ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగానే చూస్తుంది. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. సంతకం నాటికి వాడుకలో లేని మాధ్యమం ఒప్పందంలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప దాని కిందికి రాదు. ఆ తర్వాత ఒక వాక్యం మా కంప్యూటర్లో టైపు చేయించి అడుగున చేర్పిస్తాను: "ఈ రికార్డింగులోని గొంతును యంత్రానికి నేర్పడానికి గాయని విడిగా రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి కావాలి." ఇప్పటిదాకా ఆ వాక్యం కొట్టేయమన్న కంపెనీలు రెండు. ఆ రెండు చోట్లా గాయనులు సంతకం పెట్టలేదు.