వేరు దాకా మందు మోసే పొగాకు వైరస్

పొగాకు నారుమడిలోకి దిగే కూలీలు చుట్టగానీ బీడీగానీ ముట్టుకున్న చేతిని ముందు సబ్బుతో కడుక్కోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉంటారు. ఇది ఆచారపు మడి కాదు, నారుమడికి కావలసిన మడి. ఎండి, చుట్టగా మారిన ఆకులో సైతం పొగాకు మొజాయిక్ వైరస్ ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. ఆ చేయి తగిలినప్పుడు లేత ఆకుకు చిన్న గీరు పడితే చాలు, అక్కడి నుంచి లోపలికి చొరబడుతుంది. కందుకూరు, పొదిలి, కొండపి రైతులను ఏడిపించే ఈ మొండితనమే ఇప్పుడు ఆ జాతి వైరస్‌లను పురుగుమందు మోసే బండ్లుగా వాడుకోవచ్చన్న ఆలోచనకు ఆధారమైంది.

మందు చేరవలసిన చోటు చూస్తే ఈ ఆలోచన ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. తేలిక నేలలో వేసిన నారుమడిలో ఎదుగుదల లేక పాలిపోయిన మొక్కను పీకి, నీళ్లలో జాడిస్తే, వేరు పొడవునా పూసలు గుచ్చినట్టు బుడిపెలు కనిపించవచ్చు. వేరుశనగ వేళ్లకు ఉండే మేలైన బుడిపెలు గోటితో గిల్లితే ఊడివస్తాయి. ఇవి ఊడవు, ఎందుకంటే ఇక్కడ ఉబ్బింది వేరు కండే. బుడిపెను బ్లేడుతో చీల్చి భూతద్దంలో చూస్తే ముత్యంలా తెల్లగా, ఆవగింజ కన్నా చిన్నదైన ఆడ నులిపురుగు ఉంటుంది. అది జిగురు ముద్దలో వందల గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చే పిల్లలు అర మిల్లీమీటరు పొడవైనా లేకుండానే, మట్టి రేణువుల మధ్య తడిలో పాకుతూ కొత్త వేళ్లను వెదుక్కుంటాయి.

వీటిని చంపే శక్తి అబామెక్టిన్ అనే మందుకు ఉంది. చిక్కల్లా అది నీళ్లలో దాదాపుగా కరగకపోవడం, మట్టిని కరచుకుపోవడం. పైన పోసిన మందు పై పొరలోనే ఆగిపోతే, మోతాదు పెంచిన కొద్దీ ఖర్చూ విషమూ పెరుగుతాయి గాని లోతు పెద్దగా పెరగదు.

అమెరికాలో నికోల్ స్టైన్‌మెట్జ్ అనే శాస్త్రవేత్త బృందం ఎంచుకున్నది మొజాయిక్ వైరస్‌కు దగ్గరి చుట్టమైన టొబాకో మైల్డ్ గ్రీన్ మొజాయిక్ వైరస్. సుమారు 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న బోలు పుల్ల అది. మిల్లీమీటరు పొడవున కొసకు కొస ఆనించి పేరిస్తే మూడు వేలకు పైగా పడతాయి. ఒకే రకం ప్రోటీన్ ముక్కలు రెండు వేలకు పైగా సుడిమెట్లలా పేరుకుని ఈ గొట్టం ఏర్పడుతుంది. గొట్టం లోపలి గోడకు రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం ఉన్న మందు అణువులు తామే వెళ్లి అంటుకుంటాయి. 2017లో ఈ బృందం అలా ఎక్కించింది క్రిస్టల్ వయొలెట్‌ను. పూర్వం పుండ్లకు పూసిన ఊదారంగు మందు అదే. 2019లో మరికొన్ని నానో రేణువులతో పోల్చి మట్టిలోకి వదిలినప్పుడు ఈ పుల్లలు 30 సెంటీమీటర్ల లోతు వరకు దిగాయి. అంటే ఒక అడుగు, వేళ్లు ఉండే చోటే.

ఇంతకుముందే, 2015లో, అమెరికాలోని నార్త్ కరోలినా శాస్త్రవేత్తలు ఎర్ర క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్కల వైరస్‌లో అబామెక్టిన్‌ను బంధించారు. ఆ వైరస్ పెంకులోంచి కాల్షియం, మెగ్నీషియం తీసేస్తే రంధ్రాలు తెరుచుకుంటాయి, తిరిగి ఇస్తే మూసుకుంటాయి.

మన ప్రాంతానికి వచ్చేసరికి అడగవలసిన ప్రశ్న వేరు. పొగాకు, మిరప, టమాటా, వంగ ఒకే కుటుంబపు మొక్కలు. బతికిన వైరస్‌ను ఇక్కడి పొలంలో చల్లితే తెగులును డబ్బిచ్చి కొన్నట్టవుతుంది. అతినీలలోహిత కిరణాలతోగానీ ఫార్మాలిన్‌తోగానీ లోపలి జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను పాడుచేసి పెంకును మాత్రం నిలుపుకోవడం ఒక మార్గం. బాగా వేడి చేస్తే పుల్లలు రూపం మారి గోళాలవుతాయి, మందు వాటిలో చిక్కుకుంటుంది. నాకు ఈ రెండో దారే మేలనిపిస్తుంది, ఎందుకంటే వైరస్ తన ఆకారాన్నే కోల్పోతుంది. ఏ దారైనా మన మిరప, పొగాకు మొక్కల మీదే పరీక్షించి చూడాలి.

ఈ వైరస్‌కు కర్మాగారం కూడా ఆకే. తెగులు సోకించిన పొగాకు జాతి మొక్కల ఆకులు నూరి దాన్ని తీస్తారు. ఆకు పండించడం ఒంగోలు చుట్టుపక్కల ఎవరికీ నేర్పనక్కరలేదు. కాని తెగులును కావాలని పెంచే ఆ గదిలో పనిచేసే చేతులు మాత్రం ఏ నారుమడిలోకీ దిగకూడదు.