బ్రష్ ఫాంట్లు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని మా బరంపురంలో బోర్డు డిజైన్‌కి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "కుంచెతో రాసినట్టు, లావుగా ఉండాలండీ." నాకూ ఆ అక్షరాలంటే ప్రాణం. అందుకే వాటి గురించి తరచూ వినే కొన్ని మాటలు సరిచేయాలనిపించింది.

అపోహ: ఎంత లావైతే అంత దూరం కనిపిస్తుంది.

వాస్తవం: కంటికి గీత ఎంత ముఖ్యమో, గీతల మధ్య ఖాళీ అంత ముఖ్యం. ద, ధ అక్షరాలకు తేడా కింద ఉండే చిన్న గీతే. ప-ఫ, చ-ఛ కూడా అంతే. లావు మితిమీరితే అది కలిసిపోయి "ధాన్యం" కాస్తా "దాన్యం" అవుతుంది. ఒడియాలో పైనుండే గుండ్రటి వంపు చాలా అక్షరాలకు ఒకేలా ఉంటుంది. గుర్తుపట్టించే భాగం కింద ఇరుకు చోట ఉంటుంది, లావు పెరిగితే మొదట పూడుకుపోయేది అదే.

కొత్త ఫాంట్ ఏది చూసినా నేను ముందు టైప్ చేసేది "లక్ష్మి". ఆ పేరుతో షాపులు ప్రతి వీధిలో ఉంటాయి. పైన గుడి, కింద ష వత్తు, పక్కన మ వత్తు ఒకదానికొకటి తగలకుండా నిలబడితే ఆ ఫాంట్ పనికొస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో చూపే నమూనా చూసి తీసుకోకండి.

అపోహ: ఇంగ్లీష్ బ్రష్ ఫాంట్‌తో తెలుగు, ఒడియా కూడా రాయొచ్చు.

వాస్తవం: రాదు. ఆ ఫాంట్‌లో మన అక్షరాలు లేకపోతే కంప్యూటర్ వేరే ఫాంట్ పెడుతుంది, లేదా డబ్బాలు చూపిస్తుంది. తెలుగులో గుణింతాలు, వత్తులు కలిపి వందల రూపాలు గీయాలి, అందుకే మంచివి తక్కువ. రెండు లిపులూ ఉండే మా బోర్డులకు నేను బాలూ అనే ఫాంట్ వాడమంటాను. అచ్చంగా కుంచె రాత కాదు గానీ లావు, గుండ్రదనం ఉన్నాయి. తెలుగుకి బాలూ తమ్ముడు, ఒడియాకి బాలూ భాయినా, రెండూ చక్కగా జోడీ కుదురుతాయి.

ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే తప్పు ఫాంట్‌ది కాకపోవచ్చు. పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి తెరవండి.

అపోహ: ఫ్రీగా దొరికితే షాపు పనికి వాడుకోవచ్చు.

వాస్తవం: "పర్సనల్ యూజ్" అని ఉంటే కూడదు. బాలూ, గిడుగు అనే ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌లో, అంటే వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకోనిచ్చే అనుమతితో ఉన్నాయి, నిశ్చింతగా వాడొచ్చు. రెండోది మన పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద వచ్చింది. నాకైతే ఆ పేరు చూస్తేనే సంతోషం.

అపోహ: అంచులు గరుగ్గా ఉంటేనే అసలు చేతిరాత.

వాస్తవం: ఫ్లెక్స్‌కి పర్వాలేదు. స్టిక్కర్ కటింగ్‌కి ఇస్తే మాత్రం బ్లేడు ప్రతి గరుకునీ కోస్తుంది, చుట్టూ మిగిలిన వినైల్ (స్టిక్కర్ ప్లాస్టిక్ షీటు) లాగేటప్పుడు అక్షరం అంచులు లేచిపోతాయి. కటింగ్‌కి నున్నటి అంచుల ఫాంటే వేయండి.

అపోహ: ఫాంట్ ఉంటే పెయింటర్ అక్కర్లేదు.

వాస్తవం: పెయింటర్ ఉన్న చోటుని బట్టి అక్షరాన్ని సాగదీస్తాడు, ఒకే "ల" రెండుసార్లు వస్తే రెండు రకాలుగా రాస్తాడు. చాలా ఫాంట్లలో రెండూ ఒకే అచ్చు. షాపు పేరు ఒక్కటే కావాల్సినవాళ్లకు నేను చెప్పేది ఇదే: పెయింటర్ చేత తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో రాయించండి, స్కాన్ చేసి వెక్టర్‌గా, అంటే ఎంత పెద్దది చేసినా అంచులు చెదరని బొమ్మగా మార్చి ఇస్తాను. ఫోన్ నంబర్, అడ్రస్ మాత్రం మామూలు ఫాంట్‌లోనే.