'మనం ఎటు?' అన్న ప్రశ్నకి డెబ్బై అయిదేళ్ల చరిత్ర

2022 ఏప్రిల్ 3 రాత్రి శ్రీకాకుళం జిల్లాలో పడుకున్న పాలకొండ, మర్నాడు పార్వతీపురం మన్యం జిల్లాలో నిద్ర లేచింది. రాజాం విజయనగరంలో కలిసింది. కొత్త జిల్లాల ముసాయిదా జనవరిలోనే వచ్చింది, అభ్యంతరాలకు 30 రోజులు గడువూ ఇచ్చారు. కాగితం మీద అందర్నీ అడిగినట్టే. కానీ ఫైళ్లతో, బీరువాలతో పాటు ఉద్యోగుల్ని కూడా పంచాలి కదా! 'మనం ఎటు?' అన్న టెన్షన్‌కి ఆ గడువులో జవాబు ఎక్కడ దొరుకుతుంది?

ఇలాంటప్పుడు పైవాళ్ల నోట వినిపించే మాట ఒకటే: "స్టాఫ్ మార్పుకి ఒప్పుకోరండీ." ఈ మాటని మొట్టమొదట గట్టిగా పరీక్షించింది ఓ పైజామాల ఫ్యాక్టరీలో.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో మారియన్ అనే చిన్న ఊళ్లో హార్వుడ్ కంపెనీ ఉండేది. కూలి పీసు లెక్కన. పని పద్ధతి మార్చినప్పుడల్లా గొడవలు, మానేయడాలు. కొత్త పని చేతికి అలవాటయ్యేదాకా తగ్గిన కూలిని కంపెనీ బోనస్ ఇచ్చి పూడ్చేది కూడా. అయినా అదే తంతు. అంటే చిక్కు డబ్బు దగ్గర మాత్రమే లేదు. జర్మనీ నుంచి వలస వెళ్లిన మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ ప్రభావంతో అక్కడ ప్రయోగాలు నడిచాయి. ఆయన 1947లో చనిపోయాడు. మరుసటి ఏడాది లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ తమ ప్రయోగం ఫలితాలు ప్రచురించారు.

ఒక జట్టుని కూర్చోబెట్టి మార్పేమిటో, ఎందుకో చెప్పారు, ప్రశ్నలకి జవాబులూ ఇచ్చారు. ఇంకో జట్టు తన తరఫున కొందరిని పంపింది. మిగతా జట్లలో ప్రతి ఒక్కరూ కూర్చుని కొత్త పద్ధతిని తామే దిద్దుకున్నారు. చెప్పించుకున్న జట్టులో ఉత్పత్తి పడిపోయి లేవలేదు, 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. ప్రతినిధుల జట్టు రెండు వారాల్లో కోలుకుంది. అందరూ కూర్చున్న జట్లు ఇంకా త్వరగా తేరుకుని, చివరికి పాత లెక్క కంటే 14 శాతం దాకా పైకి వెళ్లాయి.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగింది. పడిపోయిన జట్టులో మిగిలినవాళ్లకి రెండున్నర నెలల తర్వాత మరో పని ఇచ్చి, ఈసారి అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడారు. మొండివాళ్లనిపించుకున్న ఆ మనుషులే చకచకా పుంజుకున్నారు.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోనక్కర్లేదు. అహ్మదాబాద్‌లోని కాలికో మిల్లులో 1952లో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. 224 మగ్గాలు, 29 మంది, 12 రకాల పనులు. తెగిన పోగు అతికేవారు వేరు, కండెలు నింపేవారు వేరు, నూనె వేసేవారు వేరు. బట్ట పాడైతే ఎవరి పూచీ అంటే ఎవరిదీ కాదు. పొందూరు మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాళ్లకి ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. మరుసటి ఏడాది లండన్‌లో పనిచోట్ల మనుషుల సంబంధాల మీద పరిశోధన చేసే టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు వచ్చాడు. కొన్ని మగ్గాలకి ఒక చిన్న జట్టు పూర్తి పూచీ పడితే ఎలా ఉంటుందని చర్చ పెట్టాడు. అది చర్చలో ఉండగానే కార్మికులు ఎవరి జట్టులో ఎవరుండాలో తామే తేల్చేసుకున్నారు. మొదట్లో కొంత తడబడ్డా, తర్వాత ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే బట్ట తగ్గింది.

ఇందులో ఒక చిక్కుంది. ఇలా అడగడానికి టైం కావాలి, పైవాడు తన నిర్ణయాన్ని మార్చుకోవడానికి సిద్ధపడాలి. ఆర్డరు టైపు చేయించి, సంతకం పెట్టి, తర్వాత మీటింగు పిలిస్తే వచ్చినవాళ్లు టీ తాగి వెళ్తారు. మన దగ్గర 'అవగాహన సదస్సు' అని పెట్టేవి చాలావరకు హార్వుడ్‌లో చెప్పించుకున్న ఆ మొదటి జట్టు బాపతే.

అహ్మదాబాద్‌లోనూ అంతా నిలవలేదు. 1970లో మళ్లీ వెళ్లి చూస్తే ఒక చోట జట్లు దాదాపు అలాగే ఉన్నాయి, మిగతా చోట్ల ఎవరి పని వారిదన్న పాత పద్ధతి వైపు జారిపోయాయి.